కంప్యూటరు అడిగిన ప్రశ్న

మా ఆఫీసులో కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది. అడిగి పది నెలలు దాటింది. జవాబు పరిశీలనలో ఉంది.

నవ్వకండి. అంతగా నవ్వొస్తే మా కార్యదర్శి గారి ముందుకొచ్చి నవ్వండి, మీకు కూడా ఒక ఇన్‌వార్డు నంబరు వేసి కూర్చోబెడతారు. నాకైతే నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. మిగిలింది ఒళ్లుమంట ఒక్కటే. ఆ మంటతోనే చెబుతున్నాను, వినండి.

మాది చేతివృత్తుల పరీక్షల మండలి. కాకినాడలో ఓ పాత మేడ మీద ఉంది. కింద కాజాల దుకాణం, పైన మేము. టైపు, కుట్టుపని, డ్రాయింగు, ఈ మూడింటికీ పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లం. టైపుమిషన్లు పోయాక పరీక్షలు పోయాయి. మండలి మాత్రం పోలేదు. పరీక్షలున్న రోజుల్లో మేం పదకొండుమందిమి, పోయాక పంతొమ్మిదిమందిమయ్యాం. ఇప్పుడున్న పని ఒక్కటే. ఎప్పుడో పాసైనవాళ్ల సర్టిఫికెట్టు అసలుదా దొంగదా అని ఎవరైనా ఉత్తరం రాస్తే, రికార్డు చూసి 'అసలుదే' అని రాయడం. దీన్ని మేం నిజనిర్ధారణ అంటాం. ఆ సెక్షనుకి సూపరింటెండెంటుని నేను. పేరు భీమశంకరం.

రికార్డంటే పెద్ద గదులు, బీరువాలు ఊహించుకోకండి. ఒక్క ఫైలు. అందులో పదకొండువేల నాలుగువందల పన్నెండు మంది పేర్లు, నంబర్లు, గ్రేడ్లు, చిరునామాలు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు మిణుకుమనే కాలంలో నేనే కూర్చుని ఎక్కించాను. పాతికేళ్లు ఆ కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ పనిచేసింది. కిందటేడు దాన్ని పాత ఇనుము కింద వేలం వేసి కొత్తది కొన్నారు. షాపతను వచ్చి పాత ఫైలు తెచ్చి కొత్తదాంట్లో పెట్టాడు.

సరిగ్గా ఆ వారమే, జూన్‌లో, పిఠాపురం వైపు ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ పద్నాలుగేళ్లుగా తాత్కాలిక టైపిస్టుగా చేస్తున్న చిక్కాల నూకరత్నం అనే ఆవిడని పర్మనెంటు చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుందట. ఆవిడ తెలుగు టైపు హయ్యరు గ్రేడు సర్టిఫికెట్టు నిజమైనదేనని మేం మార్చి ముప్పై ఒకటిలోగా రాయాలట. రాయకపోతే ఆ పోస్టు రద్దు. ఆవిడకి నలభై నాలుగేళ్లు. ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసు ఎప్పుడో దాటిపోయింది.

ఐదు నిమిషాల పని. షాపతను పక్కనే ఉన్నాడు. ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెబుతున్నాను.

'ఈ ఫైలు పాత ఫార్మాటులో ఉంది. దీన్ని కొత్త ఫార్మాటులోకి మార్చమంటారా?'

కింద రెండు బొత్తాలు. అవును, కాదు.

"అవును మీద కొట్టేయండి సార్. పది సెకన్లలో అయిపోద్ది" అన్నాడు షాపతను.

నా వేలు మౌసు మీదే ఉంది. కొట్టి ఉంటే ఈ కథ లేదు. కానీ మా ఆఫీసులో బల్బు మార్చాలన్నా నోటు పెట్టి, పైవాళ్ల సంతకమయ్యాకే కుర్చీ ఎక్కుతాం. ముప్పై ఏళ్ల అలవాటు నోరు తెరిచింది. "ఒక్క మాట కార్యదర్శి గారి చెవిన వేసి కొడదాం" అన్నాను. నా చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలి.

కార్యదర్శి త్రినాథమూర్తి గారు వచ్చారు. కళ్లజోడు మార్చుకుని ఆ పెట్టెని మూడుసార్లు చదివారు.

"ఎవరిని అడుగుతోందండీ ఇది?"

"మనల్నే సార్."

"మనల్నంటే? మండలినా, కార్యదర్శినా, సూపరింటెండెంటునా? పేరు రాసిందా?"

"లేదు సార్."

"హోదా?"

"అదీ లేదు సార్."

"మరి దీనికి జవాబు చెప్పడానికి మీకున్న అధికారం ఏమిటి భీమశంకరం గారూ? రికార్డుల స్వరూపాన్ని మార్చుట అనేది విధానపరమైన నిర్ణయం. సదరు నిర్ణయం సక్షమ అధికారి మాత్రమే గైకొనవలసి ఉంటుంది. ఆ సక్షమ అధికారి ఎవరన్నది ముందు తేల్చవలసి ఉంటుంది."

"పోనీ, కాదని కొట్టేద్దామా సార్?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "కాదనడానికి అధికారం ఉన్నవాడికి అవుననడానికి ఉండదా? రెండూ ఒకే అధికారం కిందికి వస్తాయి. ఆ మాత్రం ఆలోచించండి."

"అయితే ఇప్పటికి ఆపేస్తానండి. తర్వాత చూసుకుందాం."

"ఆపితే ప్రశ్న పోతుంది. మండలికి అందిన ప్రశ్నను జవాబివ్వకుండా మాయం చేయడాన్ని ఏమంటారో తెలుసా? రికార్డు ధ్వంసం అంటారు."

షాపతను ఉండబట్టలేక, "సార్, ఫైలు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకోండి. కాపీ మీద అవును కొట్టండి. పాతది పాతట్టే ఉంటాది కదా" అన్నాడు. వెర్రివాడు. మామూలు మనిషిలా మాట్లాడాడు.

"నకలు అసలుకు సరిపోయిందని ధ్రువీకరించి సంతకం చేసేదెవరు? ధ్రువీకరించాలంటే అసలు తెరవాలి. తెరవాలంటే జవాబు చెప్పాలి. జవాబు చెప్పేవాడు ఎవరో తేలితే నకలెందుకు?" అన్నారు కార్యదర్శి గారు. షాపతను నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. కంప్యూటరు అడిగిన ప్రశ్నను మండలికి అందిన లేఖగా భావించవలెను. దానికి ఇన్‌వార్డు నంబరు వేయవలెను. నేను ఆ ప్రశ్నని చేత్తో ఒక కాగితం మీద రాసి, ముద్ర కొట్టి, 318 అని నంబరు వేశాను. ప్రశ్న అసలు ప్రతి తెర మీద ఉంది కాబట్టి తెరకి కూడా 318 అని చీటీ అంటించాను. తేలేవరకు కంప్యూటరు ఆపరాదు. పొరపాటున ఎవరూ నొక్కకుండా మౌసు ఊడదీసి, గుడ్డసంచిలో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో ఉంచవలెను. తాళంచెవి సూపరింటెండెంటు వద్ద ఉండవలెను. ఆ గదికి కాపలాగా అటెండరు అప్పలకొండ స్టూలు వేసుకుని కూర్చొనవలెను.

"ఏం చెయ్యమంటారండి నన్ను?" అన్నాడు అప్పలకొండ.

"ఏమీ చెయ్యకు. ఎవర్నీ ఏమీ చెయ్యనివ్వకు."

"ఇన్నాళ్లూ చేత్తున్నదదే కదండి" అన్నాడు వాడు. వాడు పైకి అన్నాడు, మేం అనలేదు. అంతే తేడా.

కాలేజీకి 'మీ లేఖ పరిశీలనలో ఉన్నది' అని కార్డు పంపాను.

ఆగస్టులో నూకరత్నం గారే వచ్చారు. గొల్లప్రోలు నుంచి బస్సులో. ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్టు, సంచిలో నీళ్ల సీసా. చూడగానే గుర్తుపట్టాను. ఆవిడ టైపు పరీక్ష రోజున హాల్లో నేను ఇన్విజిలేటర్ని. సగంలో ఆవిడ మిషను రిబ్బను తెగింది. మిగతా పిల్లలైతే ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. ఈవిడ తెగిన కొసలు ముడేసి, రెండు చేతులూ నల్లగా చేసుకుని, అందరికంటే ముందు కాగితం నా చేతిలో పెట్టింది.

"అసలు కాగితం నా దగ్గరే ఉంది కదండి. సంతకం మీవాళ్లదే కదండి. ఇంక నిజమో కాదో తేల్చేదేముందండి?" అంది.

ఆవిడని కార్యదర్శి గారి గదికి తీసుకెళ్లాను. ఆయన సర్టిఫికెట్టుని వెలుగుకి పెట్టి చూశారు.

"సీలు మాదే. సంతకం మాదే. కాగితం మాదే. కానీ ఇది నిజమైనదా కాదా అన్నది మేం చెప్పకూడదమ్మా, రికార్డు చెప్పాలి."

"రికార్డు పక్కగదిలోనే ఉంది కదండి?"

"ఉంది. ప్రస్తుతం అది ప్రశ్నార్థకంగా ఉంది."

"సార్, ఈవిడ పాసవడం నేను కళ్లారా చూశాను" అన్నాను. అది చాలక పరుగెత్తుకెళ్లి, ఆ రోజుల్లో తీసిన ప్రింటు వాల్యూములు మూడూ మోసుకొచ్చాను. అంచుల్లో చిల్లులున్న ఆ పొడవాటి కాగితాలు, బైండు చేసినవి. తీసి చూపించాను. ఏడువేల రెండువందల ఎనిమిదో నంబరు. చిక్కాల నూకరత్నం, తెలుగు టైపు, హయ్యరు, ఫస్టు క్లాసు.

ఆవిడ మొహం వెలిగింది. కార్యదర్శి గారి మొహం వెలగలేదు.

"ఇది ఫైలు నుంచి తీసినది. ఫైలు స్వరూపమే తేలనప్పుడు దాని నుంచి తీసినది ఎలా తేలుతుంది? ఇక మీరు కళ్లారా చూడడం అంటారా, కళ్లు ఏ ఫార్మాటూ కావు. అయినా మీ మాట నోటు ఫైల్లో రాయిస్తాను. అమ్మా, మీరు ఆవేశపడకూడదు."

"ఆవేశం కాదండి, బస్సు టైమైపోతోందండి" అందావిడ.

సెప్టెంబరులో హైదరాబాదు నుంచి సాంకేతిక సలహాదారు దిగారు. డాక్టర్ భార్గవ్. మెడలో బిళ్ల, చేతిలో చల్లటి కాఫీ. ప్రశ్నని చూసి పులకించిపోయారు. "ఇది ఫైలు మార్పిడి కాదండీ. ఇదొక ప్రయాణం. మండలి మొత్తం మానసికంగా సిద్ధం కావాలి" అన్నారు. గోడ మీద తొంభై బొమ్మలు వేసి చూపించారు. అన్నిట్లోనూ బాణాలే. బాణాలు ఎక్కడికి పోతున్నాయో అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఆయన సలహా మీద రెండు ఉపసంఘాలు వేశారు. ఒకటి 'అవును' ఉపసంఘం, రెండోది 'కాదు' ఉపసంఘం. మొదటిది అవునంటే వచ్చే లాభాలు, రెండోది కాదంటే తప్పే నష్టాలు పరిశీలించాలి. నన్ను రెండింట్లోనూ వేశారు. సోమవారం అవునంటూ మాట్లాడాను, గురువారం కాదంటూ మాట్లాడాను, రెండు చోట్లా జీడిపప్పు బిస్కెట్లు తిన్నాను. సిగ్గులేదు నాకు.

అవును ఉపసంఘంలో ఎవరో పెద్దమనిషి లేచి, "ఆ ఫైల్లో ఉన్నవాళ్ల అభిప్రాయం తీసుకోకుండా వాళ్ల వివరాలు మార్చేయడం ప్రజాస్వామ్యమేనా?" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. పదకొండువేల చిల్లర మందికీ ఉత్తరాలు రాయాలని తీర్మానం. రాద్దామని కూర్చుంటే చిరునామాలు ఆ ఫైల్లోనే ఉన్నాయి. వాల్యూముల్లో పేర్లేగానీ చిరునామాలు లేవు. అయితేనేం? పేపర్లో ప్రకటన ఇచ్చారు. 'మా ఫైలులో ఉన్నవారు తాము మా ఫైలులో ఉన్నామని, అందుకు రుజువుగా మండలి జారీ చేసిన నిజనిర్ధారణ పత్రం జతపరచి, తమ అభిప్రాయం తెలుపగలరు.'

ఒక్కరే రాశారు. నూకరత్నం గారు. అందమైన తెలుగు టైపులో, ఒక్క తప్పు లేకుండా, 'అవును అని నొక్కండి' అని. నిజనిర్ధారణ పత్రం జతపరచనందున ఆ అభిప్రాయాన్ని తిరస్కరించారు. ఆ తిరస్కారం మీద సంతకం నాదే.

దసరాలకి మరో గండం వచ్చింది. మా ఆఫీసులో ఆయుధపూజకి ప్రతి యంత్రానికీ పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మంలో గుమ్మడికాయ కొట్టడం ఆనవాయితీ. కుంకుమ పెట్టాలంటే కీబోర్డు ముట్టాలి. ముట్టినప్పుడు ఏ బొత్తం పడుతుందో, ఏ జవాబు పోతుందో! పంతులుగారి చేతి మీదుగా మండలి నిర్ణయం జరిగిపోతే దిక్కేది? పూజ మానేద్దామా అంటే యూనియను ఒప్పుకోదు. చివరికి కంప్యూటరు నుంచి కీబోర్డు ఊడదీసి, పక్కగదిలో పీట మీద పెట్టి, దానికి వేరే పూజ చేయించారు. తెర ముందు అప్పలకొండ దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారు దుప్పటి మీద అక్షింతలు వేశారు.

"లోపల ఎవరైనా పోయారేంటండీ?" అని నా చెవిలో అడిగారు పాపం.

"ఇంకా లేదండి" అన్నాను.

ఈలోగా నూకరత్నం గారు నెలకోసారి వస్తూనే ఉన్నారు. వచ్చి, నా బల్ల ముందు కూర్చుని, "ఏమైందండి?" అంటారు. నేను "పరిశీలనలో ఉందమ్మా" అంటాను. ఒకసారి ఆవిడ ఆ గది గుమ్మం దాకా వెళ్లి, అప్పలకొండ భుజం మీదుగా తెర చూసి వచ్చింది. "రెండే బొత్తాలు కదండి" అంది మెల్లిగా. నేను ఫైలు సర్దుకున్నాను.

జనవరిలో తుది సమావేశం. అవును ఉపసంఘం నివేదిక మూడువందల పేజీలు, కాదు ఉపసంఘం నివేదిక మూడువందల పేజీలు. కార్యదర్శి గారు రెండిటి మీదా చెరో చెయ్యి వేసి నిర్ణయం చెప్పారు.

"అవును అంటే పాతదాన్ని అగౌరవపరచినట్టు. కాదు అంటే కొత్తదాన్ని తిరస్కరించినట్టు. మండలి ఏ పక్షమూ వహించదు. కాబట్టి సదరు ప్రశ్నకు జవాబు చెప్పకుండానే కొత్త ఫార్మాటులోకి వెళుతున్నాం. పాత ప్రింటు వాల్యూములు చూసి, మొత్తం పేర్లు ఇంకో కొత్త కంప్యూటర్లో మళ్లీ మొదటి నుంచి టైపు చేయించి, కొత్త డేటాబేసు నిర్మిస్తాం. అది పూర్తయ్యాక నిజనిర్ధారణలన్నీ దాని నుంచే."

డాక్టర్ భార్గవ్ చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"సార్, ఆ వాల్యూములు చెల్లవన్నారు కదా ఆగస్టులో?"

"నిర్ధారణకు చెల్లవు. నమోదుకు చెల్లుతాయి."

"నమోదయ్యాక నిర్ధారణకి?"

"నమోదైన తర్వాత అవి డేటాబేసు. కూర్చోండి."

కూర్చున్నాను.

టైపిస్టుల కోసం ప్రకటన ఇచ్చారు. తెలుగు టైపు పాసైనట్టు మండలి నిజనిర్ధారణ పత్రం ఉన్నవాళ్లే అర్హులు. మేం ఏడు నెలలుగా ఒక్కటీ ఇవ్వడం లేదు కదా, ఒక్క దరఖాస్తూ రాలేదు. వారం గడిచింది. నూకరత్నం గారు వచ్చి సంగతి విని, సంచి కింద పెట్టి, "నేను కొట్టేస్తానండి" అంది.

"జీతం ఉండదమ్మా."

"అక్కర్లేదండి. కాలేజీకి సెలవు పెడతాను. అది అయితేనే కదా నా కాగితం కదిలేది."

అర్హత సంగతి ఏమిటని నేను అడగలేదు, భయంతో. కార్యదర్శి గారే తేల్చేశారు. స్వచ్ఛంద సేవకు షరతు వర్తించదట.

అమ్మో, ఆ చేతులు! రోజుకి రెండువందల యాభై పేర్లు. పొద్దున్న తొమ్మిదింటికి బస్సు దిగి, కూర్చుంటే మధ్యాహ్నం క్యారేజీ తెరిచేదాకా తల ఎత్తేది కాదు. వాల్యూము వైపు చూపు, కీబోర్డు వైపు చూడనే చూడదు. చిరిగిన చోట, వెలిసిన చోట నన్ను పిలిచి అడిగేది. పాతికేళ్ల కిందట నేను ఎక్కించినప్పుడు చేసిన తప్పులు మర్యాదగా చూపించి దిద్దేది. ఒక సూర్యకాంతాన్ని నేను సూర్యకంతంగా ఎక్కించానట. దీర్ఘం పెట్టింది.

కార్యదర్శి గారు వచ్చినవాళ్లందరినీ ఆ గది గుమ్మంలో నిలబెట్టి చూపించేవారు. "చూశారా ఆ వేగం? ఇలాంటి టైపిస్టు జిల్లాలో లేదు" అనేవారు.

"టైపు పాసయ్యారా ఆవిడ?" అని అడిగారొకసారి వచ్చినాయన.

"అదే ఇంకా తేలాల్సి ఉంది" అన్నారు కార్యదర్శి గారు, ఏ మాత్రం తడబడకుండా.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఆవిడ కొత్త చీర కట్టుకొచ్చింది. చేతిలో కిందనున్న దుకాణం కాజాల పొట్లం. "ఇవాళ నా పేరొస్తుందండి. ఏడువేల రెండువందల ఎనిమిది" అంది. ఆ పొట్లం అప్పలకొండకిచ్చి అందరికీ పంచమంది. అక్కడ చెడింది. వాడు ముందుగా పెద్దగదికి పట్టుకెళ్లాడు.

కార్యదర్శి గారు కాజా కొరికి, పాకం జుర్రి, "ఏమిటి విశేషం?" అన్నారట. వీడు చెప్పాడట. ఆయన కాజా పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, డాక్టర్ భార్గవ్ గారిని వెంటబెట్టుకుని ఆవిడ గదికి వచ్చారు.

"నూకరత్నమ్మా, మీ రికార్డు మీరే ఎక్కిస్తున్నారా?"

"వరసలో వచ్చిందండి."

"స్వప్రయోజనం ఉన్న వ్యక్తి సదరు రికార్డును ముట్టరాదు. ఇది సహజన్యాయం. రేపు ఎవరైనా అడిగితే మీకే చెడ్డపేరు. మీ మంచికే చెబుతున్నాను."

"అయితే నేను కొడతాను సార్, ఒక్క లైను" అన్నాను.

"మీరు ఆగస్టులో ఆమె పక్షాన సాక్ష్యం చెప్పారు. నోటు ఫైల్లో ఉంది."

"డాక్టర్ గారు?"

భార్గవ్ గారు రెండు చేతులూ పైకెత్తారు. "సలహాదారు అమలులో దిగకూడదండీ. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే పద్ధతి."

"పోనీ మీరే కొట్టండి సార్."

"నేను నిర్ణయించే అధికారిని. నిర్ణయించేవాడు నమోదు చేయడమా?" కార్యదర్శి గారు ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ప్రస్తుతానికి ఆ నంబరు వదిలేసి ముందుకెళ్లండి. తటస్థ వ్యక్తిని నియమించి తగు సమయంలో ఎక్కిస్తాం. నోటు పెట్టండి భీమశంకరం గారూ."

ఆవిడ చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. చీటీ ముక్క చింపి ఆ లైను మీద పెట్టి, కింది పేరు కొట్టడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక, "ఇంకా ఎందుకమ్మా కొడతావు? లేచి వెళ్లిపో" అన్నాను.

"మిగతావాళ్లేం పాపం చేశారండి? ఇంకా నాలుగువేల పైన ఉన్నారు. నాలాగే ఎక్కడో ఎదురుచూస్తుంటారు కదా" అంది. తర్వాత, "మీరు నోటు పెట్టారు కదండి" అంది.

పెట్టాను. తటస్థ వ్యక్తి నియామకం అని ఎర్ర ట్యాగు కట్టి మరీ పెట్టాను. తటస్థత అంటే ఏమిటో నిర్వచించమని వెనక్కి వచ్చింది. నిర్వచించి పంపాను. నిర్వచించిన వ్యక్తి తటస్థుడేనా అని మళ్లీ వెనక్కి వచ్చింది.

మార్చి ఇరవై తొమ్మిదికి పని అయిపోయింది. ఆఫీసంతా పండగ. గోడకి బెలూన్లు కట్టారు. కొత్త డేటాబేసు నుంచి మొదటి నిజనిర్ధారణ ఆ రోజే జారీ చేయాలని కార్యదర్శి గారి పట్టుదల. "అన్నిటికంటే పాత దరఖాస్తు ఏది?" అన్నారు.

"నూకరత్నం గారిది సార్" అన్నాను. ఒకవేళ ఆ వెలుగులో, ఆ సంబరంలో, మనిషికి బుద్ధి పుడుతుందేమోనని ఆశ.

భార్గవ్ గారే స్వయంగా పేరు కొట్టి వెతికారు. 'ఈ పేరుతో రికార్డు లేదు' అంది కొత్త డేటాబేసు. అరక్షణంలో చెప్పింది. ఆ వేగానికి అందరూ చప్పట్లు కొట్టారు.

"సార్! లేకపోవడమేమిటి? మనమే కదా వదిలేయమన్నాం!"

"వదిలేయమన్నాం. దాని మీద నోటు నడుస్తోంది. కానీ ఇవాళ్టికి డేటాబేసులో ఉందా, లేదా?"

"లేదు సార్, కానీ..."

"లేనిదాన్ని ఉన్నదని రాయమంటారా? ముప్పై ఏళ్ల సర్వీసులో అదేనా మీరు నేర్చుకున్నది?" ఆయన అక్కడికక్కడే డ్రాఫ్టు రాసి నా చేతిలో పెట్టారు. "ఇవాళే టైపు చేయించి కాలేజీకి పంపండి. గడువు ముప్పై ఒకటి కదా. ఆలస్యం చేశారన్న మాట మండలికి రాకూడదు."

"ఎవరు కొడతారు సార్? తెలుగు ఉత్తరం తప్పుల్లేకుండా కొట్టడం ఆవిడకి తప్ప ఎవరికీ రాదు."

"ఆమే కొడుతుంది."

"స్వప్రయోజనం అన్నారు కదా సార్?"

"ఈ ఉత్తరంలో ఆమెకు ప్రయోజనం ఏముందండీ?" అన్నారు కార్యదర్శి గారు. ఆ మాట మాత్రం నిజం.

డ్రాఫ్టు ఆవిడ ముందు పెట్టలేక పెట్టాను. ఆవిడ ఒకసారి చదివింది. ప్రింటరులో కాగితం పెట్టింది. ఎప్పుడూ ఉన్న వేగమే. ఐదు లైన్లు. తీసి నాకిచ్చి, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని, చేతిరుమాలుతో కీబోర్డు తుడిచింది.

నేను డ్రాఫ్టుతో సరిచూశాను. డ్రాఫ్టులో ఇలా ఉంది. 'పై ఉదహరించిన లేఖకు సంబంధించి, మండలి వద్ద గల మొత్తం 11,412 మంది రికార్డులను పరిశీలించగా, చిక్కాల నూకరత్నం అను వారు ఉత్తీర్ణులైనట్లు ఎట్టి ఆధారమూ లేదని తెలియజేయడమైనది.' అక్షరం పొల్లుపోలేదు. ఒక్కచోట తప్ప.

"అంకె మారిందమ్మా. డ్రాఫ్టులో పన్నెండు ఉంది, నువ్వు పదకొండు కొట్టావు."

"డ్రాఫ్టే తప్పండి" అంది నూకరత్నం. "నేను కొట్టింది పదకొండువేల నాలుగువందల పదకొండు మందినండి."

పక్కగదిలో అప్పలకొండ స్టూలు మీద కునుకుతున్నాడు. తెర మీద ఆ పెట్టె అలాగే ఉంది, అడుగుతూనే ఉంది. బీరువా తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. నేను అదే జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ దిద్దిన అంకె పక్కన పొట్టి సంతకం పెట్టి, ఉత్తరాన్ని పోస్టుకి ఇచ్చాను.